ఆక్సిజన్ గదిలో దేవుడు నాకిచ్చిన ఊపిరి

సహోదరులారా, సహోదరీలారా, నా ఎడమ దవడలో కొంత ఎముక ఇప్పుడు లేదు కాబట్టి నా మాట కొంచెం ముద్దగా వస్తుంది, ఓపిక చేసుకుని వినండి, అర్థం కాని చోట చెయ్యి ఎత్తి అడగండి, మళ్ళీ చెబుతాను. ఈ కాస్త మాటైనా నా నోట మిగిల్చి, ఈ నర్సీపట్నం సంఘంలో మీ ముందు నన్ను నిలబెట్టిన దేవునికే మహిమ!

నా నోటి వాసనకు నేనే భయపడి బ్రతికిన కాలం ఒకటి ఉంది. ఇంట్లో అందరూ తిన్నాక గోడవైపు తిరిగి గంజి తాగేదాన్ని. మా ఆయన ప్రకాశం తాపీమేస్త్రీ, పొద్దున్నే పనికి వెళ్ళబోయే ముందు నా పక్కనే కూర్చుని అన్నం తినేవాడు, ఒక్కనాడూ ముఖం తిప్పుకోలేదు, అయినా నేనే చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుని దూరం జరిగిపోయేదాన్ని. ఇక ప్రభువు బల్ల ఉన్న ఆదివారం వస్తే నా బాధ ఏమని చెప్పను! మన సంఘంలో అందరం ఒకే పాత్రలో నుండి తాగుతాం కదా, నా తరువాత తాగేవాళ్ళు ఏమనుకుంటారోనని మొదట చివరి వరుసలోకి, తరువాత వరండాలోకి, చివరికి ఇంటికే పరిమితమైపోయాను. పాటలు మా ఇంటిదాకా వినిపించేవి. నేను తలుపు వేసుకునేదాన్ని.

ఇదంతా ఎలా వచ్చిందో చెప్పాలి. మాది తాతల నాటి నుండి మిషను సంఘపు కుటుంబమే, వాక్యం తెలియక కాదు. కాని మా వైపు ఆడవాళ్ళకు అడ్డపొగ అలవాటు ఎంత మామూలో మీలో పెద్దవాళ్ళకు తెలుసు, చుట్ట వెలిగించి నిప్పున్న కొసను నోట్లోపలికి పెట్టుకుని పెదాలు బిగించి పీల్చడం. వానలో నాట్లు వేస్తున్నా ఆరదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. నాకు అది నేర్పింది మా ఆయన అక్క, సుగుణమ్మ వదిన. తల్లి పోతే మా ఆయన్ను చంకనేసుకుని పెంచిన మనిషి. కొయ్యూరు వైపు కొండ మీది ఒక ఊరికి ఇచ్చారు, భర్త పోయాక జీడిపిక్కల కాలం వచ్చినప్పుడల్లా మా ఇంటికి వచ్చి ఉండేది, తోటల్లో ఇద్దరం పిక్కలు ఏరేవాళ్ళం. ఆ కాలం మొదట్లో, ఇంకా చలి వదలని ఒక పొద్దున తన చుట్టే నాకిచ్చి, "పీల్సే పిల్లా, సలి పారిపోద్ది" అంది. అంత ప్రేమతోనే ఇచ్చింది, ఆవిడకు మాత్రం ఏం తెలుసు!

తొంభైల నడుమ నా అంగిట్లో ఒక తెల్లటి మచ్చ లేచి పుండైంది, విశాఖపట్నంలో చూపిస్తే క్యాన్సర్ అన్నారు. సహోదరులారా, ఆ మాట విన్నాక కూడా నా చెయ్యి నడుముకున్న చుట్టల సంచి దగ్గరికే వెళ్ళింది! ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. "ప్రభువా, ఇది నన్ను చంపుతోందని తెలిసి కూడా వదలలేకపోతున్నాను, నా వల్ల కాదు, నువ్వే నా చేతిలోంచి లాగెయ్యి" అని ప్రార్థించాను. ఆయన లాగేశాడు! సంచి అక్కడే చెత్తబుట్టలో పడేశాను, తరువాత తలనొప్పులు, చిరాకు, నిద్ర పట్టకపోవడం అన్నీ వచ్చాయి గాని ఆయన కృప వల్ల మళ్ళీ ముట్టలేదు. ముఖానికి రెండు వైపులా కరెంటు, అదే రేడియేషన్, పెట్టారు, నోరంతా పొక్కిపోయింది, ఉమ్మి ఎండిపోయింది, అయినా జబ్బు పోయింది. అప్పుడు ఇదే సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పాను, అప్పటి సాక్ష్యం ఎంత ఆనందంగా ఉండేదో!

కొన్నేళ్ళు గడిచాయి, రెండువేల సంవత్సరం కూడా దాటింది. కింది దవడలో ఒక పన్ను పుచ్చి సలుపు మొదలైతే దగ్గరలో ఉన్న పళ్ళ డాక్టరు దగ్గర పీకించేసుకున్నాను. కరెంటు పెట్టించుకున్న దవడలో పన్ను తీయించే ముందు ఆ సంగతి చెప్పాలనీ, పాత డాక్టరును ఒక్కమాట అడగాలనీ నాకు తెలియదు. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు, పంటినొప్పికీ పాత జబ్బుకీ ఏం సంబంధం అనుకున్నాను! ఇందులో తప్పు ఎవరిదని నేను వెతకను గాని, ఒక్కమాట తెలిసి ఉంటే నా ముఖం ఇలా ఉండేది కాదు కదా అనే విచారం మాత్రం అద్దం చూసుకున్నప్పుడల్లా వస్తుంది. ఆ గాయం మానలేదు, నెలలు గడిచినా మానలేదు, చీము, నొప్పి, వాసన, నోరు వేలు పట్టేంత కూడా తెరుచుకోదు. జబ్బు తిరగబెట్టిందని అనుకున్నాను, చెబితే మళ్ళీ కరెంటు అంటారని దాచుకున్నాను.

అప్పుడు దేవుడు మన అయ్యగారి భార్యను, అమ్మగారిని, మా ఇంటికి పంపించాడు. తలుపు కొట్టి, తీసేదాకా నిలబడ్డారు.

"ఏటమ్మా కరుణమ్మా, ఎన్నాళ్ళిలాగ తలుపేసుకుని కూకుంటావు?"

"అమ్మగారూ, దగ్గరికి రాకండి, వాసనొస్తంది."

"వస్తే రానీ. ముందు నీ నోరు సూపించు."

నా గడ్డం పట్టుకుని వెలుగువైపు తిప్పారు, ముక్కు మూసుకోలేదు, చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. "ఇది వొట్టి పుండు కాదు తల్లీ, లోపల ఎముక కనిపిస్తంది. బేగి వైజాగ్ ఎల్దాం" అన్నారు. ఎన్నో నెలల తరువాత ఒక మనిషి నా ముఖాన్ని ముట్టుకుంది సహోదరులారా! అక్కడే నా స్వస్థత మొదలైందని నేను నమ్ముతాను.

మా ఆయన ఒక ఇంటి పని మధ్యలో ఉన్నాడు, అందుకని సుగుణమ్మ వదిన నాతో వైజాగ్ వచ్చింది, ఆయన సాయంత్రాల్లో వచ్చి పోయేవాడు. వదిన పాదానికి గుడ్డ చుట్టి ఉంది. అడిగితే "ముల్లు గుచ్చుకుందిలే" అని నవ్వేసింది. ఒక విశ్వాసి ఇంటి వెనక గదిలో దిగాం.

ఆసుపత్రిలో డాక్టరమ్మ వయసులో చిన్నదే గాని చాలా నిదానంగా మాట్లాడింది. పరీక్షలు చేయించి, "జబ్బు తిరగబెట్టలేదమ్మా, భయపడకండి" అంది. ఆ మాటకే నేను స్తోత్రం ప్రభువా అన్నాను! తరువాత వివరంగా చెప్పింది, "కరెంటు మీ జబ్బును కాల్చింది, దాంతోపాటు ఆ దవడకు రక్తం తీసుకెళ్ళే సన్నటి నాళాలు కూడా మూసుకుపోయాయి, పన్ను తీసిన గాయం మాన్పుకునే శక్తి ఆ ఎముకకు లేదు, అది చచ్చిపోతోంది. గాలి ఒత్తిడి పెంచిన ఒక గదిలో మిమ్మల్ని పడుకోబెట్టి ఆక్సిజన్ పీల్పిస్తాం. అంత ఒత్తిడిలో ఆక్సిజన్ రక్తంలో ఎక్కువగా కరిగి, మామూలుగా అందని చోటికి కూడా చేరుతుంది, వారాల మీద కొత్త నాళాలు పుట్టడానికి సాయపడుతుంది. కాని ఇదొక్కటే చాలదు. చచ్చిన ఎముక మళ్ళీ బ్రతకదు, దాన్ని కోసి తీసెయ్యాలి, మందులు వాడాలి, ఆ తరువాత కొన్నాళ్ళు మళ్ళీ గదిలోకి వెళ్ళాలి. అందరికీ పనిచేస్తుందని నేను మాట ఇవ్వలేను." అబద్ధపు ధైర్యం చెప్పని ఆ అమ్మాయి కోసం ఈనాటికీ ప్రార్థన చేస్తాను.

ముందు నా ఊపిరితిత్తులకు ఎక్స్‌రే తీశారు, లోపల ఎక్కడైనా గాలి ఇరుక్కునే జబ్బు ఉంటే ఆ ఒత్తిడి ప్రమాదమట. ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, చెవి ఆపరేషన్ అయిందా, ఏ మందులు వాడారు, షుగరు ఉందా అని అన్నీ అడిగారు. జలుబు చేసినా, జ్వరం వచ్చినా ఆ రోజు చెప్పాలన్నారు. పన్ను పీకించుకున్ననాడు ఇలాంటి ప్రశ్న ఒక్కటి ఎవరైనా అడిగి ఉంటే అని మనసులో అనుకోకుండా ఉండలేకపోయాను.

ఆ గది ఒక మనిషి పట్టే పొడవాటి గొట్టం, పైన దళసరి అద్దంలా ఉంటుంది, లోపలున్నవాళ్ళు బయటికి, బయటున్నవాళ్ళు లోపలికి కనిపిస్తారు. లోపలికి వెళ్ళాలంటే వాళ్ళిచ్చిన నూలు బట్టలే వేసుకోవాలి. తలకు నూనె ఉండకూడదు, పూలు, గాజులు, పిన్నీసులు, పౌడరు ఏదీ కూడదు, అంత ఆక్సిజన్లో చిన్న నిప్పురవ్వ చాలు అంతా అంటుకోవడానికి. వదిన నా తల కుంకుడుకాయతో రుద్ది రుద్ది కడిగింది. నేను నా వేదపుస్తకం పట్టుకెళ్తానంటే అదీ వద్దన్నారు. సహోదరులారా, ఆ క్షణం నాకు చాలా భయం వేసింది! కాని తలుపు మూశాక తెలిసింది, చిన్నప్పుడు ఆదివారపు బడిలో కంఠతా పెట్టించిన వాక్యాలన్నీ ఒక్కొక్కటే నాకు తోడుగా రావడం మొదలుపెట్టాయి.

ఒత్తిడి పెరిగేటప్పుడు లోపల వేడిగా ఉంటుంది, చింతపల్లి ఘాటీ రోడ్డులో బస్సు వెళ్ళేటప్పుడు చెవులు దిబ్బడ వేస్తాయి చూడండి, అలాగే దానికి పదింతలు. గుటకలు వెయ్యమన్నారు, నా నోట్లో ఉమ్మి ఎక్కడిది! మొదటిరోజు చెవిలో శూలం దిగినట్టున్నా, ఓర్చుకోవాలేమోనని పళ్ళు బిగించి పడుకున్నాను, మనం అలవాటుపడ్డవాళ్ళం కదా. బయటికి వచ్చాక చెవి ఎర్రబడిపోయింది. డాక్టరమ్మ నా పక్కన కూర్చుని, "అమ్మా, ఇక్కడ ఓర్చుకోవడం మంచితనం కాదు. నొప్పి పుట్టిన వెంటనే చెయ్యి ఎత్తండి, మేము ఆపుతాం, కొంచెం దించుతాం" అంది. ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదడం నేర్పింది, గుటకలకు కాసిన్ని మంచినీళ్ళు ఇవ్వమని చెప్పింది. ఆ తరువాత బాధ లేదు.

ఇంతలో ఆమె చూపు వదిన కాలి మీద పడింది. గుడ్డ విప్పించి చూస్తే రెండు వేళ్ళు నల్లబడి ఉన్నాయి. రక్తం పరీక్షలో షుగరు చాలా ఎక్కువ ఉంది, వదినకు ఆ సంగతే తెలియదు! "షుగరు అదుపులోకి రావాలి, రోజూ కట్టు కట్టాలి, కాలు కింద మోపకూడదు, కాలికి రక్తం ఎలా అందుతోందో చూసి ఈ గది మీకూ పనికొస్తుందేమో ఆలోచిద్దాం. కాని చుట్ట మానాలమ్మా, అది రక్తనాళాలను మూసేస్తుంది" అని చెప్పి, చుట్టలూ అగ్గిపెట్టె కూడా ఇచ్చెయ్యమంది. వదిన ఇచ్చింది, కాని ముఖం చిన్నబోయింది. పైగా వరండాలో ఎవరో రోగి తాలూకు మనిషి, "బతికుండగానే సవప్పెట్టెలో పెట్టి బిగించీడమే కదా, గాలెక్కువైతే పేలిపోద్దంట" అన్నాడట. ఆ మాట వదిన గుండెలో ముల్లులా దిగిపోయింది. నాకు మాత్రం అప్పుడు చెప్పలేదు.

మర్నాడు నేను గొట్టంలో ఉన్నాను. అద్దంలోంచి చూస్తే వదిన సంచి భుజాన వేసుకుని నిలబడి ఉంది. లోపలికి మాట వినిపించడానికి ఒక మైకు ఉంటుంది, గది నడిపే అబ్బాయిని అడిగి దాని దగ్గరికి వచ్చింది.

"కరుణా, నాను ఎల్తన్నానే."

"ఎక్కడికి వదినా? రేపు నీ కాలికి పరీక్షలు కదా!"

"నాకొద్దే. ఆ పెట్టెలో నిన్ను సూస్తంటేనే నాకు గుండె ఆగిపోతంది. సుట్ట నేకుండా నాను ఉండనేను. తమ్ముడు సాయంత్రానికి వచ్చీస్తాడులే, నువ్వు మంచిగుండు."

"ఉండు వదినా! నేను బయటికొస్తాను, మాట్లాడుకుందాం, ఉండు!"

తలుపు తియ్యమని ఆ అబ్బాయిని బ్రతిమాలాను. "అమ్మా, ఒత్తిడి ఒక్కసారిగా దించితే మీ ప్రాణానికే ప్రమాదం. మెల్లగా దించుతున్నాను, ఊపిరి బిగపట్టకండి, మామూలుగా పీలుస్తూ ఉండండి" అన్నాడు. వదినను కూర్చోమని బ్రతిమాలాడు కూడా. ఆవిడ నాకేసి ఒకసారి చూసి, మడమ మీద కుంటుకుంటూ వెళ్ళిపోయింది. నేను ఆ గొట్టంలో వెల్లకిలా పడుకుని చూస్తూ ఉండిపోయాను. కళ్ళనీళ్ళు చెవుల్లోకి కారిపోతున్నాయి. "ప్రభువా, ఈ గోడ నన్ను ఆపింది గాని నిన్ను ఆపలేదు కదా, నువ్వైనా వదిన వెనకాల వెళ్ళు, ఒంటరిగా వదలకు" అని ప్రార్థించాను. తలుపు తీశాక ఆ నూలు గౌనుతోనే, ఒట్టి కాళ్ళతో గేటుదాకా వెళ్ళాను. రోడ్డు మీద అన్నీ ఆటోలే. వదిన లేదు.

మా ఆయన కొయ్యూరు వైపు వెళ్ళి బ్రతిమాలాడు. "పనులయ్యాక వస్తాను" అందట. పుండు మీద ఆకుపసరు వేసి కట్టుకుంటోందని విన్నాం. నా వైద్యం మధ్యలో ఆపితే చేసిందంతా వృథా అన్నారు, అందుకని నేను అక్కడే ఉండిపోయాను.

దేవుడు నాపట్ల నమ్మదగినవాడు! వారాల తరబడి వెళ్ళి వచ్చాక దవడ కండలో ఎర్రదనం తిరిగి వచ్చింది, అప్పుడు చచ్చిన ఎముక కోసి తీశారు, మళ్ళీ గదిలోకి పంపారు, పుండు మెల్లమెల్లగా పూడింది. మధ్యలో దూరపు చూపు మసకబారితే గుడ్డిదాన్నైపోతానని హడలిపోయాను, కాని అది ఈ వైద్యంలో కొందరికి వచ్చేదేనని, కంగారుపడి కొత్త కళ్ళజోడు కొనవద్దని చెప్పారు, అన్నట్టే అది కొన్నాళ్ళకు సర్దుకుంది. ఇంటికి వచ్చిన తరువాతి ఆదివారం అయ్యగారు పాత్రను నా చేతికే ఇచ్చారు. నా తరువాత అమ్మగారు తాగారు. ఆ రోజు ఎంత ఏడ్చానో మీలో చూసినవాళ్ళున్నారు.

కాని అంతా తిరిగి రాలేదు. నా చెంప లోపలికి పోయింది, అన్నం మెత్తగా పిసికితే తప్ప తినలేను, పాట పాడితే నోరు తిరగదు. ముందే వచ్చి ఉంటే అంత ఎముక పోయేది కాదేమోనని డాక్టరమ్మ మెత్తగా చెప్పింది.

నేను ఇంటికొచ్చిన కొన్నాళ్ళకు వదినను చివరికి అదే ఆసుపత్రికి ఎత్తుకుని తీసుకొచ్చారు. నలుపు పిక్క దాకా పాకింది, ఒళ్ళు జ్వరంతో కాలిపోతోంది. మోకాలి పైకి కాలు తీసేశారు, అప్పటికే విషం రక్తంలో కలిసిపోయింది. మంచం పక్కన కూర్చుని నేను తన తల నిమురుతుంటే కళ్ళు తెరిచి అడిగింది.

"ఆ పెట్టెలో నీకు బయ్యమెయ్యనేదేటే?"

"వేసింది వదినా. చాలా వేసింది."

"మరెలగున్నావు?"

"ప్రార్థన చేసుకున్నాను. చెవి నొప్పెడితే చెయ్యి ఎత్తేదాన్ని, వాళ్ళు ఆపేవాళ్ళు. భయమేసినా చెయ్యి ఎత్తొచ్చు వదినా, మెల్లగా దించి తలుపు తీస్తారు."

వదిన తలగడ మీద నుంచి తల ఎత్తింది.

"తీస్తారా? ఆ ముక్క నాకెవలూ సెప్పనేదే పిల్లా" అంది.

సహోదరులారా, ఇద్దరం కలిసి ప్రార్థించాం, వదిన నా చెయ్యి పట్టుకుని ఆమేన్ అంది, కొద్దిరోజులకే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ గదిలోకి వెళ్ళి ఉంటే కాలు దక్కేదా అని డాక్టరమ్మను అడిగాను. "చెప్పలేనమ్మా, షుగరు అదుపు, కట్టు, మందులు, అన్నీ కుదరాలి. కాని ఆ రోజు ఆవిడ ఉండిపోయి ఉంటే ప్రయత్నించడానికి మనకు వీలుండేది" అంది. నన్నెందుకు మిగిల్చావు, వదిననెందుకు తీసుకెళ్ళావు అని దేవుణ్ణి అడిగాను, ఇంకా అడుగుతూనే ఉన్నాను. అమ్మగారిని అడిగితే ఆవిడా వాక్యం చెప్పలేదు, నాతో కలిసి ఏడ్చారు. జవాబు తెలియకపోయినా నేను ఆయన చెయ్యి వదలలేదు, ఆయన నా చెయ్యి వదలలేదు, అది మాత్రం చెప్పగలను.

నాకు తెలిసిన ఆ కాస్త ముక్క మీకందరికీ చెప్పాలనే ఈ రోజు నిలబడ్డాను. మీలో చుట్ట వదలలేనివాళ్ళుంటే సిగ్గుపడకండి, నేనూ వదలలేనిదాన్నే, ఆయన వదిలించాడు. నోట్లోనైనా కాలి మీదనైనా మానని పుండుంటే చెంగు చాటున దాచుకోకండి, ప్రార్థన చేయించుకోండి, డాక్టరుకు కూడా చూపించండి. ఆ గది మీ జబ్బుకు పనికొస్తుందో లేదో చెప్పాల్సింది డాక్టరే, వరండాలో మాట్లాడుకునేవాళ్ళు కాదు. పాత జబ్బులు, పాత మందులు ఏదీ దాచకుండా చెప్పండి, తెలియనిది అడగండి, అడిగినంత మాత్రాన విశ్వాసం తగ్గిపోదు. లోపలికి వెళ్ళాలంటే భయంగా ఉంటే మా ఇంటికి కబురు చెయ్యండి, నేను మీతో వైజాగ్ బస్సు ఎక్కుతాను. తలుపు మూసే ముందు మీ చెయ్యి పట్టుకుని ప్రార్థన చేస్తాను, మళ్ళీ తెరిచేదాకా మీకు కనిపించేలా అద్దం ఇవతలే కూర్చుంటాను. మూసిన తలుపు లోపల కూడా ఊపిరి పోసే దేవుణ్ణి నమ్మండి, ఆయనకే స్తోత్రం. మీరు మాత్రం వెనక్కి తిరిగి వెళ్ళిపోకండి తల్లీ, వెళ్ళిపోకండి.